మంద కుక్కలకు, కాపలా కుక్కలకు కంటి దెబ్బలు
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఎద్దును గురించి, పాడి గేదెను గురించి, గొర్రెను గురించి ఇటువంటి సభలలో చాలమంది మాట్లాడినారు. కుక్కను గురించి కూడ ఒక ప్రసంగమా అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని రాత్రి పూట చేనిలో మంద కట్టినప్పుడు రెండు వందల గొర్రెలకు కాపలా ఎవరు? కాపరి కునుకు తీసినా తాను తీయనిది కుక్కే. తోడేలు గాని, నక్క గాని, దొంగ గాని వస్తే ముందుగా లేచేది అదే. వేరుసెనగ చేలో పందులు పడకుండ మంచె క్రింద కాచుకొని ఉండేది అదే. కొల్లేటి ప్రాంతములో బాతుల మందలను తోలుటకు జోనంగి కుక్కలను వాడుకొన్న సంగతి ఆ ప్రాంతపు పెద్దలకు తెలుసు. ఇంత పని చేసే జంతువుకు కాలు కుంటుపడితే చూస్తాము, గజ్జి పడితే చూస్తాము. కన్ను మూసుకొని కూర్చుంటే మాత్రము “ఏదో నలక పడి ఉంటుంది, అదే పోతుంది” అని వదలివేస్తాము. ఒకొక్కప్పుడు నిజముగా అదే పోతుంది. ఒకొక్కప్పుడు నలకతో పాటు కన్ను కూడ పోతుంది. ఈ రెంటికి తేడా ఎట్లా కనిపెట్టవలెనో, కనిపెట్టిన తరువాత ఏమి చేయవలెనో చెప్పుటకే నేను వచ్చినాను.

ముందు కన్ను సంగతి కొంచెము తెలిసికొందాము. కంటి నల్లగుడ్డు మీద గడియారపు అద్దము వంటి పొర ఒకటి ఉన్నది. దానిలో నెత్తురు నాళములు లేవు. అందుకే అది అద్దము వలె తేటగా ఉంటుంది. కుక్కలో ఈ పొర మందము ఒక మిల్లీమీటరు కూడ ఉండదు. సుమారు అర మిల్లీమీటరు పైచిలుకు. మీ చేతిలోని కందికట్టె మొన ఎంత లోతు దిగితే ఆ పొర తెగుతుందో మీరే ఆలోచించండి. ఈ పొరలో నొప్పి తెలిపే నరములు చాల ఉన్నవి. కనుక పైన చిన్న గీత పడినా కుక్క కన్ను తెరవదు. మనకు లేనిది కుక్కకు మరొకటి ఉన్నది: ముక్కు ప్రక్క మూల నుండి అడ్డముగా వచ్చే మూడవ రెప్ప. కంటికి నొప్పి కలిగినప్పుడు గ్రుడ్డు లోపలికి ముడుచుకొంటుంది, ఈ రెప్ప తెరవలె మీదికి వస్తుంది. అది చూచి “కంట్లో మాంసము పెరిగింది” అని కోయించబోయిన వారిని నేను ఎరుగుదును. అది మాంసము కాదు, కంటికి కవచము. దానిని ముట్టుకొనవద్దు. అయితే గడ్డి ముల్లు, ఊక, చిన్న గింజ వంటివి చాటుగా దాగికొనేది కూడ ఈ రెప్ప వెనుకనే అని గుర్తుంచుకొనండి.

మన ప్రాంతములో కుక్క కంటికి దెబ్బలు ఎక్కడ తగులుతవి? పంట కోసిన చేలలోనే ఎక్కువ. జొన్న కోసిన తరువాత మిగిలే కొయ్యలు, కంది కొట్టిన తరువాత ఏటవాలుగా నిలిచే మోళ్ళు, పత్తి కట్టె, ఇవన్నీ సరిగా పరుగెత్తే కుక్క ముఖము ఎత్తుకు ఉంటవి. చీకట్లో నక్క వెంట పడిన కుక్క మోళ్ళను చూచుకొనదు. తరువాత ముళ్ళ కంపలు: తుమ్మ, రేగు, సర్కారు తుమ్మ. గడ్డి కంకి పండిన రోజులలో బట్టలకు గుచ్చుకొనే ముళ్ళగడ్డి గింజలు కూడ అంతే ప్రమాదము. వాటి కొన ఒకే దిక్కుగా లోపలికి దిగుతుందే గాని వెనుకకు రాదు. కుక్కల కొట్లాటలో పంటి గాట్లు, పిల్లి గోటి గీతలు, పంది కోర దెబ్బలు, పిల్లలు విసరిన రాళ్ళు, మోటారు సైకిలు తగిలిన దెబ్బలు ఇంకొక రకము. పంది విషయములో ఒక మాట: చేను కాచుకొనుట వేరు, కుక్కలను ఉసిగొల్పి అడవి జంతువును వేటాడుట వేరు. రెండవది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము.

ఇక మందులు, సున్నము. పండుగ ముందు ఇళ్ళకు వెల్ల వేసేటప్పుడు తడి సున్నపు తొట్టి దగ్గర పడుకొన్న కుక్క కంట్లో చుక్కలు పడుట ఉన్నది. పురుగు మందు చల్లేటప్పుడు యజమాని వెంట చేలో తిరిగే కుక్క మీద కూడ తుంపర పడుతుంది. జిల్లేడు పాలు, జెముడు పాలు కంటిని కాల్చేవే.

సాయంకాలము కుక్క తిరిగి వచ్చినప్పుడు ముఖము ఒకసారి చూచే అలవాటు చేసికొనండి. రెండు కళ్ళను పోల్చి చూడవలెను. అదే అన్నిటికంటె మంచి పరీక్ష. ఒక కన్ను సగము మూసి ఉన్నదా? ఒక ప్రక్క నీరు కారి చెంప తడిసినదా? ముంగాలితో కన్ను రుద్దుకొంటున్నదా? వెలుతురు చూడలేక నీడకు పోతున్నదా? ఇవి దెబ్బ గుర్తులు. రెండు కళ్ళలోను పుసి, ముక్కు కారుట, జ్వరము, తిండి మానుట కలిసి ఉంటే అది దెబ్బ కాదు, ఒంటి జబ్బు. ముఖ్యముగా కూనలలో డిస్టెంపరు అనే జబ్బు కావచ్చును. పిడుదులు పట్టిన కుక్కకు వచ్చే జ్వరములో కూడ కంటి లోపల వాపు, నెత్తురు కనిపించవచ్చును. వాటికి కంటి చుక్కలతో పని జరగదు, డాక్టరు ఒళ్ళంతా చూడవలసినదే.

కన్ను చూచుటకు ముందు మీ చేయి సంగతి చూచుకొనండి. ఎంత నమ్మిన కుక్క అయినా నొప్పిలో కరుస్తుంది, దానిలో దాని తప్పు లేదు. మెత్తని గుడ్డ పేలికతో మూతిని చుట్టి, ముడి గడ్డము క్రింద వేసి, కొసలు చెవుల వెనుకకు తెచ్చి కట్టండి. ముక్కు రంధ్రములు మూసుకొనరాదు, ముడి కళ్ళకు తగలరాదు. ఊపిరికి రొప్పుతూ ఉంటే వెంటనే విప్పండి. తెలియని కుక్కతోనో, నక్కతోనో పోరాడి వచ్చిన కుక్క అయితే ఇంకొక జాగ్రత్త ఉన్నది. వెర్రికుక్క జబ్బు చొంగలో ఉంటుంది. చేతికి గాయము ఉన్నవారు ఆ ముఖము ముట్టరాదు. చేతికి తొడుగు లేకపోతే ప్లాస్టిక్ సంచి అయినా తొడుగుకొనండి. కుక్క కరిచినా, దాని చొంగ మీ గాయమునకు తగిలినా సబ్బుతో పారే నీటిలో పదిహేను నిమిషములు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. మీ కుక్కకు కూడ ఏటేటా ఆ టీకా తప్పక వేయించండి.

ఇప్పుడు ప్రథమ చికిత్స. కంటికి నిరపాయమైనది, ప్రతి ఇంట చేసికొనదగినది ఉప్పునీరు ఒక్కటే. అర లీటరు నీటిని బాగుగా మరగించి, అందులో ఒక టీ చెంచా ఉప్పును, తలకొట్టి, వేసి కరగించి చల్లార్చండి. రాళ్ళ ఉప్పు అయితే మెత్తగా నూరి కొలవండి. అంతకంటె ఎక్కువ వేస్తే మండుతుంది. ఆ నీటిని సూది తీసిన కొత్త సిరంజితో గాని, శుభ్రమైన గుడ్డ ముంచి పిండుతూ గాని ముక్కు ప్రక్క నుండి బయటి వైపునకు ధారగా పోయండి. ధార మెల్లగా ఉండవలెను. నలక గాని, ఊక గాని తెల్లగుడ్డు మీద వదులుగా ఉంటే ఈ ధారకే కొట్టుకొని వస్తుంది. రాకపోతే క్రింది రెప్పను క్రిందికి లాగి, తడిపిన శుభ్రమైన గుడ్డ కొసతో అద్దండి. పొడి దూది వాడవద్దు, నారలు కంటికి అంటుకొంటవి. వేలి గోటితో గీకవద్దు.

మొన గ్రుడ్డులోనికి దిగి ఉన్నదనుకొనండి. అప్పుడు మీ చేతులు రెండూ వెనుకకు కట్టుకొనండి. ముల్లు కనిపిస్తుంటే పీకవలెనని ఎవరికైనా అనిపిస్తుంది. కాలి ముల్లు పీకిన అలవాటు అది. కాని కంట్లో ఆ ముల్లే రంధ్రమునకు బిరడా. అది ఊడినంతనే కంటి లోపలి నీరు బయటికి వచ్చి గ్రుడ్డు చప్పబడవచ్చును. నీళ్ళ ధార కూడ పోయవద్దు, నొక్కవద్దు, కట్టు బిగించవద్దు. కుక్క రుద్దుకొనకుండ చూచి, అట్లాగే డాక్టరు దగ్గరకు తీసికొనిపోవలెను.

సున్నము, మందు పడిన కంటికి మాత్రము దీనికి విరుద్ధముగా నీరే ప్రాణము. మరగించిన నీటి కొరకు వేచి ఉండవద్దు. త్రాగే నీరు ఏది దగ్గర ఉంటే అది, బోరు నీరు అయినా సరే, అరగంట పాటు ఆపకుండ పోయండి. అరగంట చాల ఎక్కువ అనిపిస్తుంది, చేయి నొప్పి పెడుతుంది, అయినా పోయవలెను. సున్నము వంటి క్షారము ఆమ్లము కంటె చెడ్డది. ఆమ్లము పైపొరను కాల్చి అక్కడ ఆగుతుంది, క్షారము కరగించుకొంటూ లోపలికి పోతూనే ఉంటుంది. మొదటి రోజు చూచుటకు కన్ను అంతగా చెడినట్లు ఉండదు, మోసపోకండి. రెప్పల సందులలో సున్నపు ముద్దలు ఇరుక్కొని ఉంటే తడి గుడ్డతో తీసివేయండి. మందు పడినట్లయితే దాని డబ్బాను గాని, డబ్బా మీది చీటీని గాని డాక్టరుకు చూపించుటకు వెంట తీసికొనిపొండి.

రెప్ప చినిగి వ్రేలాడుచున్నప్పుడు ఆ ముక్కను కత్తిరించవద్దు. రెప్పలకు నెత్తురు సరఫరా బాగుగా ఉంటుంది, కనుక కుట్టు వేస్తే అతుకుతుంది. అంచు పోతే మాత్రము వెంట్రుకలు జీవితమంతా గ్రుడ్డును గీకుతూ ఉంటవి. ఉప్పునీటిలో తడిపిన గుడ్డ పైన వేసి అదే రోజు ఆసుపత్రికి తీసికొనిపొండి. పురుగులు పడినవని టర్పెంటైను, ఫినాయిలు పోసే అలవాటు మనకు ఉన్నది. అవి కంటి దరిదాపులకు కూడ రానీయకండి.

కొట్లాటలోనో, మోటారు సైకిలు తగిలినప్పుడో గ్రుడ్డు రెప్పలకు బయటికి వచ్చుట కూడ జరుగుతుంది. చూచుటకు భయంకరముగా ఉంటుంది గాని తొందరపడి వేలితో లోపలికి నెట్టకండి. తడి గుడ్డ కప్పి, అది ఆరిపోకుండ ఉప్పునీరు చల్లుతూ గంటల లోపల డాక్టరు వద్దకు చేర్చండి. బొచ్చు ముఖపు పొట్టి ముక్కు కుక్కలకు ఇది స్వల్ప దెబ్బకే జరుగుతుంది. మన ఊరి కుక్కకు ముక్కు పొడవు, గూడు లోతు. దానికి గ్రుడ్డు బయటికి వచ్చినదంటే దెబ్బ గట్టిదన్న మాట. చూపు తిరిగి వస్తుందని ఎక్కువ ఆశ పెట్టుకొనకుండ, ప్రాణము, తల లోపలి దెబ్బ ముందు చూపించుకొనవలెను.

ఇక్కడ నేను చూచిన ఒక సంగతి చెప్పుతాను. మెట్ట ప్రాంతపు గొర్రెల కాపరి ఒకరు తన మంద కుక్కను మా వద్దకు తెచ్చినారు. ఆరేండ్ల కుక్క, బలమైనది. నక్క వెంట కంది మోళ్ళలో పడి పరుగెత్తిన మరునాడు ఎడమ కన్ను మూసికొన్నదట. ఆయన అశ్రద్ధ చేయలేదు. ఆరు మైళ్ళు నడిచి ఒక మందుల కొట్టుకు పోయి “కన్ను ఎర్రబడినది” అని చెప్పి చుక్కల మందు కొన్నారు. రోజుకు మూడుసార్లు వేసినారు. రెండవ రోజుకే ఎరుపు తగ్గినది, కుక్క కన్ను కొంచెము తెరచినది. మందు పని చేస్తున్నదని సంతోషించి ఇంకా శ్రద్ధగా వేసినారు. అయిదవ రోజున నల్లగుడ్డు మీద జిగురు ముద్ద వలె తేలినది. మా వద్దకు వచ్చేసరికి పొర కరగి రంధ్రము పడి ఉన్నది. ఆ కన్ను తీసివేయుట తప్ప మార్గము లేకపోయినది. ఆయన సీసా తీసి చూపించి “ఇందులో తప్పేమి బాబూ, మా పెద్దాయన కంటికి ఇదే వేసినారు కదా” అన్నారు. ఆ సీసాలో స్టిరాయిడు ఉన్నది.

ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసికొనిపోతే చాలును కనుక వివరముగా చెప్పుతాను. స్టిరాయిడు వాపును, ఎరుపును అణచివేస్తుంది. ఎరుపు తగ్గినందున బాగైనట్లు కనిపిస్తుంది. కాని పొర మీద పుండు ఉన్నప్పుడు అదే మందు పుండును మాననీయదు, సూక్ష్మజీవులను పెరగనిస్తుంది, పొరను కరగించే రసములకు బలము ఇస్తుంది. అందువలన పొర చిల్లి పడుటకు ఒకటి రెండు రోజులు కూడ చాలును. సీసా మీది పేరును చదువగలవారి చేత చదివించండి. చివర “సోన్” అని గాని, “లోన్” అని గాని వస్తే – బీటామెథసోన్, డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ – అది స్టిరాయిడు. ఒకొక్కప్పుడు ముందు ఒక మంచి సూక్ష్మజీవి నాశని పేరు ఉండి దాని వెనుక ఇది ఉంటుంది. మొదటి పేరు చదివి మోసపోకండి. కన్ను మూసికొని ఉన్న కుక్కకు, పుండు లేదని డాక్టరు పరీక్షించి చెప్పేదాక, ఈ రకము చుక్క వేయరాదు.

పుండు ఉన్నదో లేదో డాక్టరు ఎట్లా చూస్తారు? నారింజ రంగు మందు ఒక చుక్క వేసి కడుగుతారు. పొర గీసికొనిపోయిన చోట ఆ రంగు పట్టి, నీలి వెలుతురులో పచ్చగా మెరుస్తుంది. కొంతసేపటికి కుక్క ముక్కు నుండి పచ్చని నీరు కారవచ్చును. కంటికి, ముక్కుకు మధ్య కాలువ ఉన్నది కనుక అది సహజమే, భయపడకండి. ఈ పరీక్షకు పట్టేది అయిదు నిమిషములు. మండల కేంద్రములోని పశువైద్యశాలలో లేకపోతే పెద్ద ఆసుపత్రికి పంపుతారు. నడచి పోలేనివారు 1962 నంబరుకు ఫోను చేసి సంచార వైద్య వాహనము వస్తుందేమో అడుగవచ్చును.

ఆ రోజే డాక్టరు దొరకకపోతే? ఉప్పునీటితో రెండు మూడు గంటలకు ఒకసారి కడుగుతూ, కుక్కను నీడలో, దుమ్ము లేని చోట కట్టి ఉంచండి. ఫోనులో డాక్టరును అడిగి, స్టిరాయిడు లేని చుక్కల మందు పేరు చెప్పించుకొని వేయవచ్చును. నొప్పి తగ్గునని మనుషుల నొప్పి బిళ్ళలు ఇవ్వకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటివి కుక్క కడుపును, మూత్రపిండములను చెరుపుతవి. నమిలిన పొగాకు ఊయుట, పసుపు, ఉప్పుకల్లు, ఆకుపసరు పిండుట మన పెద్దల నుండి వచ్చినవే. వారికి వేరే మందు లేని రోజులలో చేసినారు. కొన్ని కళ్ళు వాటంతట అవి మానినందున ఆ మందులకు పేరు వచ్చినది; పోయిన కళ్ళను ఎవరు లెక్క పెట్టినారు?

చుక్కలు వేయుటలో కూడ ఒక పద్ధతి ఉన్నది. ఎదురుగా నిలిచి సీసాను కంటి మీదికి తెస్తే ఏ కుక్క అయినా తల తిప్పుతుంది. దాని వెనుక కూర్చొని, ఎడమ చేతితో గడ్డము పైకెత్తి, కుడి చేతి అరచేయి నుదుటి మీద ఆనించి వేయండి. తల కదిలితే చేయి కూడ కదులుతుంది, సీసా మూతి కంటికి గుచ్చుకొనదు. ఒక చుక్క చాలును, రెండవది చెంప మీదికే పోతుంది. రెండు మందులు ఉంటే మధ్య అయిదు నిమిషములు ఆగండి. కన్నీరు మందును కడిగివేస్తుంది కనుక రోజుకు నాలుగు, ఆరు సార్లు వేయమని వ్రాస్తారు. మంద వెంట తిరిగేవారికి అది కష్టమే. ఆ మాట దాచక డాక్టరుకు చెప్పండి. ఎక్కువసేపు నిలిచే లేపనము ఇవ్వగలరు. వేయలేని మందు వ్రాయించుకొని వచ్చుట కంటె అది మేలు. మూత తీసిన సీసా నెల దాటితే పారవేయండి.

మందు ఎంత వేసినా కాలితో రుద్దుకొంటే లాభము లేదు. పాత ప్లాస్టిక్ బకెట్టు అడుగును తల దూరేంత కోసి, అంచుకు గుడ్డ చుట్టి, మెడకు తొడిగి, పట్టెడకు దారముతో కట్టండి. అంచు ముక్కు కొనను కొంచెము దాటి ఉండవలెను. మొదటి రోజు కుక్క గోడలకు కొట్టుకొంటుంది, మీకు జాలి వేస్తుంది; తీయకండి. నీరు, తిండి దగ్గర పెట్టి చూడండి, మరునాటికి అలవాటు పడుతుంది.

పైపొర గీత మాత్రమే అయితే సాధారణముగా వారము లోపల మానుతుంది. వారమైనా కన్ను తెరవకపోతే మందు మార్చమని అడుగుట కాదు, మరల పరీక్ష చేయించండి; మూడవ రెప్ప వెనుక గడ్డి ముల్లు ఇంకా దాగి ఉండవచ్చును. లోతైన పుండు మానేటప్పుడు తెల్లగుడ్డు నుండి ఎర్రని నరముల వంటి నాళములు పుండు వైపు ప్రాకుతవి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. చూచుటకు వికారముగా ఉన్నా అవి మానుదలకు వచ్చినవే. కాని పుండు నడుమ నల్లని తేట చుక్క కనిపించినా, పసుపు పచ్చగా మారినా, జిగురుగా కారినా, కంటి లోపల నెత్తురు నిలిచినా ఆ రాత్రి కూడ ఆగకండి. మానిన తరువాత తెల్లని పువ్వు కొంచెము మిగలవచ్చును. అంచున ఉన్న పువ్వు పనికి అడ్డము రాదు.

కన్ను తీసివేయవలసి వస్తే రైతు మొదట అడిగే మాట “ఇక మందకు పనికి వస్తుందా?” అని. వస్తుంది. నొప్పి పెట్టే గ్రుడ్డి కన్ను కంటె తీసివేసిన కన్ను కుక్కకు సుఖము. కుక్క ముక్కుతోను, చెవితోను చేసే పనే ఎక్కువ. కుట్లు తీసిన తరువాత కొద్ది వారములలో దూరము అంచనా వేయుట మరల నేర్చుకొంటుంది. కన్ను లేని వైపు నుండి దగ్గరకు పోయేటప్పుడు పేరు పెట్టి పిలిచి పొండి. లేకపోతే ఉలిక్కిపడి కరుస్తుంది. పిల్లలకు కూడ ఈ మాట చెప్పండి. రాత్రి పూట మోళ్ళ చేలలోనికి ఒంటిగా వదలక, రెండు కళ్ళున్న జత కుక్కతో వదలండి. నేను చెప్పిన ఆ కాపరి కుక్క తరువాత మూడేండ్లు మంద కాచినది. ఎడమ వైపు పని మాత్రము దాని కూతురు చూచుకొనేదని ఆయనే వచ్చి చెప్పినారు.